పదో తరగతి రాసిన అమ్మాయిని సమ్మర్ కోర్సుకి ఇంగ్లండ్ పంపొచ్చా?

భీమవరం టీచర్:

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా వారిది చేపల మేత వ్యాపారం. మా అమ్మాయి ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది. మే నెలతో 16 నిండుతాయి. ఇంటర్ ఎంపీసీలో సీటుకి ఫీజు కూడా కట్టేశాం.

కిందటి నెల విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మీటింగ్ పెడితే వెళ్ళాం. జులైలో రెండు వారాలు ఆక్స్‌ఫర్డ్‌లో చదువు, మధ్యలో ఒక శని ఆదివారాలు పారిస్, చివర్లో సర్టిఫికెట్ అన్నారు. విమానం టికెట్ కాకుండా ఐదు లక్షల పైన చెప్పారు. ఆ సర్టిఫికెట్ ఉంటే రేపు విదేశాల్లో డిగ్రీ సీటుకి బాగా పనికొస్తుందట. అప్పటినుంచి అమ్మాయి వాళ్ళిచ్చిన పుస్తకం పక్కన పెట్టుకునే పడుకుంటోంది. దానికి చదువు మీద శ్రద్ధ ఉంది, కానీ నలుగురిలో నోరు విప్పి మాట్లాడదు. వెళ్ళొస్తే ఆ బెరుకు పోతుందేమోనని నాకూ ఆశగానే ఉంది.

మా వారు మాత్రం ఒకటే అంటున్నారు. ఇంటర్ కాలేజీ జూన్ ఒకటిన తెరుస్తారు. జులైలో పిల్ల లేకపోతే వెనకపడిపోతుంది, రెండేళ్ళు కష్టపడితే తర్వాత ప్రపంచమంతా తిరగొచ్చు కదా అని. ఆయన మాటా కొట్టిపారేయలేను. వేసవి సెలవుల్లో పంపుదామంటే మన సెలవులు ఏప్రిల్, మే నెలల్లో, వాళ్ళ సమ్మర్ స్కూళ్ళేమో జులై, ఆగస్టుల్లో.

ఈ డబ్బుకి ఈ ప్రయాణం విలువైనదేనా? ఆడపిల్ల ఒక్కతే అంత దూరం వెళ్ళి ఉండగలదా? లండన్‌లో మా ఆడపడుచు కొడుకు, కోడలు ఉన్నారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. ఇలా పిల్లల్ని పంపినవాళ్ళు గానీ, ఆ వయసులో వెళ్ళొచ్చినవాళ్ళు గానీ ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

మిల్టన్ కీన్స్ నాన్న:

టీచర్ గారూ, మేం ఇంగ్లండ్ వచ్చి చాలా ఏళ్ళయింది. మా పిల్లలిద్దరూ ఇక్కడి బడుల్లోనే చదివారు. మీకు చెప్పిన ప్యాకేజీ గురించి నాకు తెలిసినవి చెప్తాను.

జులై, ఆగస్టుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఇళ్ళకి వెళ్ళిపోతారు. కాలేజీల్లో గదులు, భోజనశాలలు ఖాళీ అవుతాయి. ప్రైవేటు సంస్థలు వాటిని అద్దెకి తీసుకుని సమ్మర్ స్కూళ్ళు నడుపుతాయి. పిల్లలు నిజంగానే ఆ పాత కాలేజీ గదిలో పడుకుంటారు, ఆ హాల్లోనే భోంచేస్తారు. కానీ పాఠం చెప్పేది యూనివర్సిటీ కాదు, సర్టిఫికెట్ ఇచ్చేదీ యూనివర్సిటీ కాదు. కొన్ని కాలేజీలు సొంతంగా నడిపే కోర్సులున్నాయి. అవి ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ తానే యునిక్ అనే పేరుతో ఉచితంగా ఒక కార్యక్రమం నడుపుతుంది, అయితే అది ఇక్కడి ప్రభుత్వ బడుల పిల్లలకే. ఈ రెండు యూనివర్సిటీల్లో డిగ్రీ సీటు ఇచ్చేటప్పుడు చూసేది మార్కులు, చాలా సబ్జెక్టులకి ప్రవేశ పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. డబ్బు కట్టి చేసిన రెండు వారాల కోర్సు వల్ల సీటు వస్తుందనే ఆశ పెట్టుకోకండి.

పారిస్ సంగతి. బ్రిటన్ వీసాతో ఫ్రాన్స్‌లో అడుగు పెట్టలేరు. షెంజెన్ వీసా విడిగా తీసుకోవాలి. అంటే మే, జూన్ నెలల్లో ఒకసారి బ్రిటన్ వీసాకి, మళ్ళీ ఒకసారి షెంజెన్‌కి దరఖాస్తు చేసుకోవాలి. ఒకటిన్నర రోజు పారిస్ కోసం అంత టెన్షన్ అక్కర్లేదు. అది తీసేసి ధర తగ్గించమని అడగండి.

అమ్మాయికి 16 నిండాక వెళ్ళడం అన్నివిధాలా సులువు. 16 లోపు పిల్లలు దగ్గరి బంధువులు కానివారి ఇంట్లో 28 రోజులు, అంతకు మించి ఉంటే ఇక్కడి కౌన్సిల్‌కి ముందుగా తెలియజేయాలి. మీకిది వర్తించదు. చిన్న పిల్లల్ని పంపేవాళ్ళు ఇది చదువుతారేమోనని రాశాను.

ఇంకొకటి. ఆరు నెలల లోపు విజిటర్‌గా వచ్చేవాళ్ళు హెల్త్ సర్‌ఛార్జ్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే రుసుము, కట్టరు. ఆస్పత్రిలో చేరాల్సి వస్తే బిల్లు పడుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా పిల్లని విమానం ఎక్కించకండి.

గోదావరి అమ్మాయి:

నమస్తే టీచర్ గారూ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. ఇప్పుడు కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. 2023 జులైలో, ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా, మూడు వారాలు కేంబ్రిడ్జ్‌లో కోర్సు చేసి, తర్వాత లండన్‌లోని క్రాయిడన్‌లో మా మావయ్య వాళ్ళింట్లో ఉండి వచ్చాను. అప్పుడు నాకూ 16 ఏళ్ళే. మీ అమ్మాయిలాగే నేనూ క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా నాన్నకి కొంచెం కొబ్బరితోట, లీజుకి తీసుకున్న రొయ్యల చెరువు. కాలేజీ గదుల్లో ఉంచే ఖరీదైన సమ్మర్ స్కూళ్ళు మాకు అందవు. మావయ్య వెతికి, బ్రిటిష్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఒక చిన్న ఇంగ్లిష్ స్కూలు చూశాడు. పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా క్లాసులు. వారంలో రెండు మధ్యాహ్నాలు స్కూలు వాళ్ళే ఎక్కడికైనా తీసుకెళ్ళేవారు. మిగతావి మావి. బస మాత్రం ఒక రిటైరైన నర్సు గారింట్లో. టికెట్‌తో సహా మొత్తం ఖర్చు మీకు చెప్పిన ఐదు లక్షల లోపలే అయింది.

క్లాసులో ఇటలీ, టర్కీ, జపాన్, బ్రెజిల్ పిల్లలు ఉండేవారు. గ్రామర్‌లో నాకేం ఇబ్బంది లేదు, మన బళ్ళలో గ్రామర్ గట్టిగానే చెప్తారు. కష్టమంతా వేరే చోట. టీచర్ ఒక ఫోటో చూపించి, నీకేమనిపిస్తోంది అని అడుగుతుంది. దానికి ఒప్పు, తప్పు ఉండవు. నాకు మొదటి వారమంతా ఏమనిపిస్తోందో చెప్పడమే తెలియలేదు. పుస్తకంలో లేని ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు.

నా మాట మొదలైంది వరి వల్ల. నా పక్కన కూర్చునే అమ్మాయిది ఇటలీలో వెర్చెల్లి. మీ ఊళ్ళో ఏం పండిస్తారని అడిగితే వరి అంది. నేను నమ్మలేదు. ఫోన్లో వాళ్ళ పొలాలు చూపించింది. నీళ్ళు నిలబెట్టిన మళ్ళు, గట్లు, మళ్ళలో కొంగలు. వెనకాల ఆల్ప్స్ మంచుకొండలు లేకపోతే అది అమలాపురం వెళ్ళే దారే అనుకునేదాన్ని. పో నది నుంచి తవ్విన కావూర్ కాలువ 1866లో వచ్చాక వాళ్ళ వైపు సాగు బాగా పెరిగిందట. మాకూ అలాగే, 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయని నేను చెప్పాను. నాట్లు ఎవరు వేస్తారు, నీళ్ళు ఎప్పుడు వదులుతారు, కలుపు ఎవరు తీస్తారు అని తను అడుగుతూనే ఉంది. వాళ్ళ నానమ్మ కాలంలో ఆడవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసేవారట. బ్రేక్ అయిపోయి టీచర్ లోపలికి వచ్చినా మా మాటలు ఆగలేదు. వ్యాకరణం చూసుకోకుండా నేను ఇంగ్లిష్ మాట్లాడింది అదే మొదలు.

కోర్సు చివర ఒక్కొక్కరూ పది నిమిషాలు మాట్లాడాలి, టాపిక్ మనిష్టం. నేను నీళ్ళ మీద మాట్లాడతానన్నాను. ఆ టీచర్ గారు, అయితే ఈలీ చూసిరా అన్నారు. కేంబ్రిడ్జ్ నుంచి రైల్లో పావుగంట పైన ఉంటుందంతే. ఆ ప్రాంతాన్ని ఫెన్స్ అంటారు. ఒకప్పుడంతా చిత్తడి నేల. 17వ శతాబ్దంలో వెర్ముయిడెన్ అనే డచ్ ఇంజనీర్ని పెట్టి కాలువలు తవ్వించి నీళ్ళు బయటికి పంపారు. నీళ్ళు పోయాక ఆ పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన నేల, కుంగుతూ వచ్చింది. ఇప్పుడు కొన్ని చోట్ల పొలం కిందా నది పైనా ఉంటాయి. పంపులు పెట్టి పొలంలో నీళ్ళని పైకి, నదిలోకి తోడుతూ ఉండాలి. రైలు కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా చదునే. ఆ చదును మీద ఈలీ కెథడ్రల్ చాలా దూరం నుంచే కనిపిస్తుంది.

మన దగ్గర కాలువ అంటే నీళ్ళు తెచ్చేది. డ్రెయిన్ గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. కానీ 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే పెట్టినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల పూడిక కూడా పెద్ద ఫిర్యాదే. అప్పుడు నేను పసిదాన్ని, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఈలీలో నది గట్టు మీద నిలబడితే ఆ మాటలు అర్థమయ్యాయి. నీళ్ళు తేవడం ఎంత పనో, పంపించడమూ అంతే పని. సివిల్ తీసుకోవాలని అనుకున్నది అక్కడే. ఇంట్లో అందరూ కంప్యూటర్ సైన్స్ అన్నా నేను మారలేదు.

ఇక డార్కింగ్ గురించి చెప్పాలి. నేను బయల్దేరేటప్పుడు మా తాతయ్య అడిగింది ఒక్కటే, కాటన్ దొర సమాధి చూసి రమ్మన్నాడు. మా ఊళ్ళో కాటన్ విగ్రహం ఉంది, ఆయన పుట్టినరోజు మే 15న దండ వేస్తారు. సర్ ఆర్థర్ కాటన్ 1899లో డార్కింగ్‌లో చనిపోయారు. సమాధి ఆ ఊరి శ్మశానంలోనే ఉంది. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి దాదాపు గంట ప్రయాణం. మావయ్యకి సెలవు దొరకలేదు, నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. తర్వాత రైళ్ళ టైములు కాగితం మీద రాసి, స్టేషన్ దిగగానే ఒక మెసేజ్, తిరిగి ఎక్కగానే ఒక మెసేజ్ పెట్టాలని మాట తీసుకుని పంపింది.

స్టేషన్ నుంచి నడుస్తుంటే ఒక రౌండ్ అబౌట్ మధ్యలో మనిషి కంటే ఎత్తైన లోహపు కోడిపుంజు నిలబడి ఉంది. డార్కింగ్ కోళ్ళు పేరున్న జాతట, వాటి కాలికి ఐదు వేళ్ళు ఉంటాయట. మాది సంక్రాంతికి పందేలు జరిగే ప్రాంతం కదా, ఆ పుంజును చూడగానే భయం సగం పోయింది. శ్మశానం రైగేట్ రోడ్డు మీద, కొండవాలున, చెట్ల మధ్య ఉంటుంది. అక్కడ గడ్డి కోస్తున్న పెద్దాయన ఎవరి కోసం వచ్చావమ్మా అని అడిగారు. చెప్పాను. ఆయనకి కాటన్ పేరు తెలుసు, చేసిన పని తెలియదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. 1830లలో గోదావరి జిల్లాల్లో కరువు ఎలా ఉండేదో, ఆనకట్ట ఎందుకు కట్టారో, మా ఇంటి ముందు పారే కాలువ ఎక్కడినుంచి వస్తుందో, జూన్‌లో నీళ్ళు వదలగానే పిల్లలం గట్టు మీద ఎలా పరిగెత్తేవాళ్ళమో. ఆయన మిషన్ ఆపి మొత్తం విన్నారు. అంతసేపు ఇంగ్లిష్‌లో మాట్లాడానన్న సంగతి తిరుగు రైలు ఎక్కాక గానీ నాకు తట్టలేదు. తాతయ్యకి వీడియో కాల్ చేస్తే, సమాధి చుట్టూ శుభ్రంగా ఉంచారా, గడ్డి కోస్తున్నారా అని అడిగాడు. కోస్తున్నారని చూపించాను.

టీచర్ గారూ, నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కోర్సు పేరు చూసి పంపకండి. మధ్యాహ్నాలు ఎన్ని ఖాళీగా ఉంటాయో అడగండి. పొద్దున్నుంచి రాత్రి దాకా బస్సులో ఎక్కించి దించే ప్యాకేజీలో మాట్లాడేది గైడే, పిల్లలకి మాట్లాడే అవసరమే రాదు. మీ అమ్మాయిని కూడా ఒకటి అడగండి. అక్కడికి వెళ్తే తను సొంతంగా వెతుక్కుంటూ వెళ్ళి చూడాలనుకునేది ఏమిటని. దానికి జవాబు ఉంటే పంపండి. ఒకవేళ ఏమీ లేకపోతే రెండేళ్ళు ఆగినా నష్టం లేదు.

అంకుల్ గారు భయపడుతున్నది నిజమే. నాకు జులై క్లాసులు పోయాయి. మ్యాథ్స్‌లో ఫంక్షన్స్, మ్యాట్రిసెస్, ఫిజిక్స్‌లో వెక్టర్స్. మా కాలేజీలో మొదట ఒప్పుకోలేదు. 75 శాతం హాజరు లెక్క వేసి చూపించి, నాన్న వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాక పర్మిషన్ ఇచ్చారు. వచ్చాక స్నేహితురాలి నోట్సు ఎక్కించుకుంటూ, ఆదివారాలు కూర్చుని, సెప్టెంబర్ నెలాఖరుకి అందరితో కలిశాను. ఆ రెండు నెలలు కష్టంగానే గడిచాయి. లెక్కల టీచర్ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి మీ అమ్మాయికి అంత ఇబ్బంది ఉండదు.

గుంటూరు నాన్న:

ఈ అమ్మాయి రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. మా అబ్బాయిని కిందటేడు లండన్‌లో మా తమ్ముడి దగ్గరికి, అక్కడే ఒక చిన్న కోర్సుకి పంపాం. టీచర్ గారికి వీసా కాగితాల గురించి చెప్తాను, వాటితోనే ఎక్కువ హైరానా పడేది.

పద్దెనిమిది లోపు పిల్లలకి స్టాండర్డ్ విజిటర్ వీసాయే, ఆరు నెలల లోపు చదువుకి అది సరిపోతుంది. అయితే చేరేది గుర్తింపు ఉన్న సంస్థ అయి ఉండాలి. తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం పెట్టిన అంగీకార పత్రం, పుట్టిన తేదీ సర్టిఫికెట్, కాలేజీ నుంచి సెలవు ఇచ్చినట్టు లెటర్, ఫీజు కట్టిన రసీదు, మన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అక్కడ ఎవరింట్లో ఉంటుందో వాళ్ళు రాసిన ఉత్తరం, వాళ్ళ పాస్‌పోర్ట్ కాపీ, అడ్రసు ఇవన్నీ పెట్టాం. విమానాశ్రయంలో ఎవరు దించుతారు, అక్కడ ఎవరు తీసుకెళ్తారు అన్నది కూడా పేర్లతో రాశాం. ఖాతాలో ఉన్నట్టుండి పెద్ద మొత్తం వేస్తే అదెక్కడిదో చూపించాల్సి వస్తుంది, కాబట్టి డబ్బు ముందునుంచే అందులో ఉంచండి. వీసా రావడానికి మామూలుగా మూడు వారాలు అంటారు. మీరు ఏప్రిల్ నెలాఖరుకే కాగితాలు సిద్ధం చేసుకోండి. హైదరాబాద్ నుంచి హీత్రోకి నేరుగా విమానం ఉంది. పిల్ల ఒక్కతే వెళ్తుంది కాబట్టి మధ్యలో మారే టికెట్ చవకైనా వద్దు.

మాది గుంటూరు కాబట్టి ఇంకొక మాట. మా వాడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం రాళ్ళు చూసి ఫోన్ చేశాడు. గ్రౌండ్ ఫ్లోర్‌లో 33ఏ గది. టికెట్ లేదు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన రాళ్ళు, మద్రాసు నుంచి లండన్ చేరినవి, అద్దాల గదిలో పెట్టారు. పూర్ణకలశాలు, స్తూపం బొమ్మ చెక్కిన ఫలకాలు, మన పలనాటి సున్నపురాయి. మన దగ్గర అమరావతి మ్యూజియంలో నేను వాణ్ణి చిన్నప్పుడు తీసుకెళ్ళి చూపించాను. వాడు లండన్‌లో ఉండి, నాన్నా, మన ఊళ్ళో ఉన్న ముక్కకి జత ముక్క ఇక్కడుందేమో అని అడిగాడు. అవి అక్కడ ఉన్నందుకు నాకు బాధ ఉంది, అవి తిరిగి రావాలనే నేను కోరుకుంటాను. కానీ వాడు ఆ ప్రశ్న అడగడం నాకు నచ్చింది. ఆ గది కొన్నిసార్లు మూసి ఉంటుంది, వెళ్ళే ముందు మ్యూజియం వెబ్‌సైట్ చూసుకోమనండి.

భీమవరం టీచర్:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. కన్సల్టెన్సీ వాళ్ళకి ఫోన్ చేసి పాఠాలు చెప్పేది యూనివర్సిటీ వాళ్ళేనా అని అడిగాను. మాట దాటేశారు. ఆ ప్యాకేజీ వద్దనుకున్నాం.

గోదావరి అమ్మాయీ, నువ్వు రాసింది మా వారికి కూడా చూపించాను తల్లీ. సెప్టెంబర్ దాకా కష్టపడ్డానని దాచకుండా రాశావు కదా, అది చదివి కాస్త మెత్తబడ్డారు. నువ్వు చెప్పినట్టే మా అమ్మాయిని అడిగాను. వెంటనే చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర చెప్పింది, పక్షులు చూడాలట. కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూడటానికి ప్రతి చలికాలం వాళ్ళ నాన్నని పట్టుకుని వెళ్తుంది, నోట్‌బుక్‌లో తేదీలు వేసి రాసుకుంటుంది. అది ఆటవిడుపు అనుకున్నాం గానీ అంత ఇష్టమని ఇన్నాళ్ళూ మాకు తెలియదు. కేంబ్రిడ్జ్ వైపు పక్షులు చూసే చోట్లు ఏమైనా ఉన్నాయా? ఆ నర్సు గారింట్లో తిండి, రాత్రి రాకపోకలు ఎలా ఉండేవో కూడా చెప్పు. మనసులో అది ఇంకా మెదులుతూనే ఉంది.

గోదావరి అమ్మాయి:

టీచర్ గారూ, చాలా సంతోషంగా ఉంది. పక్షులైతే కేంబ్రిడ్జ్ కంటే మంచి చోటు దొరకదు. ఈలీకి దగ్గర్లో విక్కెన్ ఫెన్ ఉంది. నేను చెప్పిన ఆ చిత్తడి నేలల్లో ఎండగట్టకుండా మిగిలిన ముక్క అది. నేషనల్ ట్రస్ట్ 1899లో అక్కడ మొదటి భూమి కొని కాపాడుతూ వస్తోంది. రెల్లు, నీటి గుంటలు, దాక్కుని చూడటానికి చెక్క గుడిసెలు ఉంటాయి. రైలు నేరుగా వెళ్ళదు, కాబట్టి స్కూలు వాళ్ళని ముందే అడిగి ఒక శనివారం ఎవరైనా పెద్దవాళ్ళతో వెళ్ళేలా చూసుకోమనండి. కొల్లేరు నోట్‌బుక్ తప్పకుండా తీసుకెళ్ళమనండి. చివర మాట్లాడే పది నిమిషాలకి తన టాపిక్ అందులోనే ఉంది.

రాత్రి సంగతి. 18 లోపు వాళ్ళకి ఇంటికి చేరే టైము స్కూలే పెడుతుంది, మాకు తొమ్మిదిన్నర. జులైలో అక్కడ దాదాపు తొమ్మిది దాకా పొద్దుగూకదు, అందుకని చీకటిపడ్డాక తిరిగే అవసరమే రాలేదు. ఆలస్యమైతే నర్సు గారు స్కూలుకి ఫోన్ చేస్తారు. మన టైముకీ వాళ్ళ టైముకీ వేసవిలో నాలుగున్నర గంటల తేడా. వాళ్ళు నిద్రపోయే ముందు చేస్తే మీకు అర్ధరాత్రి దాటుతుంది, కాబట్టి తను క్లాసు అయ్యాక మధ్యాహ్నం మాట్లాడుకునేలా పెట్టుకోండి.

తిండి చప్పగానే ఉంటుంది. బంగాళాదుంపలు, పాస్తా, మధ్యాహ్నానికి శాండ్‌విచ్ కట్టిస్తారు. నేను ముందే చెప్పడంతో వారానికి రెండుసార్లు అన్నం వండేవారు. మామిడికాయ, గోంగూర పచ్చళ్ళు, కందిపొడి పెట్టొచ్చు, పెద్ద పెట్టెలో గట్టిగా ప్యాక్ చేయండి. కోడి, మటన్ పచ్చళ్ళు, నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు, అక్కడికి తీసుకురానివ్వరు.

మిల్టన్ కీన్స్ నాన్న:

టీచర్ గారూ, లండన్‌లో ఉన్నప్పుడు సెయింట్ జేమ్స్ పార్కుకి పంపండి. అక్కడి చెరువులో గూడబాతులు ఉంటాయి. 1664లో రష్యా రాయబారి రాజుగారికి కానుకగా ఇచ్చినప్పటినుంచి ఆ పార్కులో వాటిని పెంచుతున్నారు. మన కొల్లేరువి బూడిదరంగు, ఇవి తెల్లవి. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో చేపలు వేస్తారు, అప్పుడు దగ్గరగా కనిపిస్తాయి.

16, 17 ఏళ్ళవాళ్ళకి రైలు టికెట్లలో సగం తగ్గించే సేవర్ కార్డు ఉంది, వచ్చిన మొదటి రోజే ఆన్‌లైన్‌లో తీసుకోమనండి. ప్లగ్గులు ఇక్కడ పలక పిన్నులవి, అడాప్టర్ భీమవరంలోనే కొనండి. కేంబ్రిడ్జ్ మాకు కారులో గంట పైన అవుతుంది. విక్కెన్ ఫెన్‌కి తోడు దొరక్కపోతే ఒక మెసేజ్ పెట్టండి, మా ఆవిడా నేనూ ఒక శనివారం వచ్చి తీసుకెళ్తాం. మీ ఆడపడుచు గారి అబ్బాయిని ముందు మాతో మాట్లాడమనండి.